సృజనాత్మక కృత్యాల ద్వారా అక్షరాస్యత

పేద, వలస, దళిత, ఆదివాసీ కుటుంబాల పిల్లలకూ, పనుల్లోకి వెళ్లి బడి మానేసినవారికీ కథలు రాయడం, పత్రిక నడపడం, అచ్చుపని, నాటకం, బొమ్మలు, రేడియో, వీడియో వంటి పనుల ద్వారా చదువు నేర్పే పద్ధతులన్నిటినీ ఈ వ్యాసం ఒకచోట చేర్చి పరిచయం చేస్తుంది. వీటిలో పిల్లలు ముందు ఏదో ఒకటి తయారుచేస్తారు, ఆ పని కోసం అక్షరాల దగ్గరికి వస్తారు. వాచకం చూసి రాసిన కాపీని ఉపాధ్యాయుడు దిద్దాక దాని పని అయిపోతుంది. పత్రికలో రాసిన నాలుగు వాక్యాలను మాత్రం పక్క ఊరివాళ్లు చదువుతారు, అర్థంకాకపోతే అడుగుతారు, బాగుంటే ఇంకా రాయమంటారు. ఈ పద్ధతికి ప్రాణం ఆ పాఠకుడే. గత నూరేళ్లలో వేర్వేరు దేశాల్లో నిలదొక్కుకున్న ప్రయోగాలన్నిటిలోనూ పిల్లలు రాసినదాన్ని నిజంగా చదివేవాళ్లు ఎవరో ఒకరు ఉన్నారు. గోడకు అంటించిన చార్టు దగ్గరే ఆగిపోయిన వాటిలో లేరు.

ఈ పద్ధతుల అవసరం తెలియాలంటే ఒక్క లెక్క చూస్తే చాలు. ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో వెలువడే ‘అసర్’ నివేదికల ప్రకారం, గ్రామీణ భారతంలో మూడో తరగతి చదువుతున్న పిల్లల్లో రెండో తరగతి వాచకం చదవగలిగినవారు 2018లో 27.3 శాతం. కరోనా కాలంలో బడులు మూతబడ్డాక 2022లో అది 20.5 శాతానికి పడిపోయింది, 2024లో మళ్లీ 27.1కి చేరింది. బడిలో పేరుండి, రోజూ వస్తూ, మధ్యాహ్న భోజనం తిని వెళ్తున్న పిల్లల్లో అత్యధికులకు తమ వాచకమే కొరుకుడు పడడం లేదన్నమాట.

బడిలోకి వచ్చిన అచ్చుయంత్రం

ఈ చరిత్రలో తొలి పెద్ద పేరు ఫ్రాన్స్ ఉపాధ్యాయుడు సెలెస్తాఁ ఫ్రేనేది. మొదటి ప్రపంచయుద్ధంలో ఊపిరితిత్తులకు గాయమై, గంటల తరబడి గొంతెత్తి పాఠం చెప్పలేని స్థితిలో 1920లో దక్షిణ ఫ్రాన్స్‌లోని బార్-స్యుర్-లూ అనే పల్లె బడిలో చేరారు. తాను తక్కువ మాట్లాడి పిల్లలు ఎక్కువ పనిచేసే దారి వెతుక్కోవలసి వచ్చింది. 1924 ప్రాంతంలో చిన్న చేతి అచ్చుయంత్రం ఒకటి తరగతి గదిలోకి తెచ్చారు.

పని ఇలా నడిచేది. పిల్లలు తమకు తోచింది రాసేవారు. రాసినవి తరగతిలో చదివి, ఏది అచ్చువేయాలో ఓటు వేసుకునేవారు. ఎన్నికైన దాన్ని నల్లబల్ల మీద రాసి, రాసిన పిల్లల అనుమతితో అందరూ కలిసి సరిదిద్దేవారు. ఆ తర్వాత సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, తిరగేసి కూర్చేవారు. ఒక అక్షరం తప్పుపడితే అచ్చయిన ప్రతి కాగితం మీదా ఆ తప్పు కనబడుతుంది కాబట్టి, వర్ణక్రమం గురించి ఎవరూ బెత్తం పట్టుకుని నిలబడనక్కర్లేకపోయింది. అచ్చైన పుటలను దేశానికి మరో కొసన, బ్రిటనీ తీరంలోని ట్రెగంక్ గ్రామపు బడికి పంపేవారు. సముద్రపు ఒడ్డు పిల్లలూ కొండల పిల్లలూ ఒకరి బతుకు ఒకరు చదువుకున్నారు. 1930ల్లో స్థానిక పెద్దలతో గొడవలొచ్చి ఆయన ప్రభుత్వ ఉద్యోగం వదిలేశారు. 1935లో వాన్స్‌లో సొంత బడి తెరిచి, స్పెయిన్ అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన పిల్లలకూ చోటిచ్చారు.

సొంత మాటల అట్టముక్కలు

న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లల బడుల్లో పనిచేసిన సిల్వియా ఆష్టన్-వార్నర్ దారి వేరు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన వాచకాల్లోని ఇళ్లూ తోటలూ మావోరీ పిల్లలకు పట్టేవి కావు. ఆమె ఒక్కొక్కరినీ పిలిచి, ఈ రోజు నీకు ఏ మాట కావాలి అని అడిగేవారు. చెప్పిన మాటను దళసరి అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి చేతికిచ్చేవారు. మర్నాడు అట్టముక్కలన్నీ నేలమీద కుప్పపోస్తే పిల్లలు తమ మాటలు ఏరుకోవాలి. గుర్తుపట్టలేకపోతే ఆ మాట అంత ముఖ్యమైనది కాదని పక్కన పెట్టేసేవారు. భయానికీ ప్రేమకూ సంబంధించిన మాటలు ఒక్కసారి చూస్తేనే గుర్తుండిపోవడం ఆమె గమనించారు. ఆ మాటలతోనే చేత్తో చిన్న చిన్న పుస్తకాలు తయారుచేశారు. 1963లో వచ్చిన ‘టీచర్’ పుస్తకంలో ఈ అనుభవమంతా ఉంది.

తెలుగు బడికి ఈ పద్ధతి తెచ్చిపెట్టే చిక్కు ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. మన బడుల్లో వాడుకలో ఉన్న క్రమం ప్రకారం ముందు అక్షరమాల, తర్వాత గుణింతాలు, ఆనక ఒత్తులు. కానీ మన పిల్లలను ఏ మాట కావాలని అడిగితే వచ్చేవి అమ్మ, నాన్న, అక్క, అన్నం, కుక్క, ఎద్దు, బస్సు, దయ్యం. అన్నిటికీ ఒత్తులే. పిల్లలకు అన్నిటికంటే దగ్గరి మాటలు మన క్రమంలో అన్నిటికంటే ఆలస్యంగా వస్తాయి. అనుభవమున్న ఉపాధ్యాయులు ఈ రెండు దారులనూ కలిపి నడుపుతారు. గుణింతం తన వరసలో సాగుతూనే ఉంటుంది, పిల్లలు కోరిన మాటలు మాత్రం మొదటి వారం నుంచే అట్టముక్కల మీదికి వచ్చేస్తాయి.

బార్బియానా

ఈ వ్యాసంలోని ప్రయోగాలన్నిటిలో అత్యంత లోతైనది ఇటలీలోని బార్బియానా బడి. ఫ్లారెన్స్‌కి ఉత్తరాన ముజెల్లో కొండల్లో ఒక చర్చి, ఒక చిన్న శ్మశానం, దూరందూరంగా కొన్ని రైతు ఇళ్లు, ఇదీ బార్బియానా. పై అధికారులకు నచ్చని ఆలోచనలున్న యువ మతాచార్యుడు డాన్ లొరెంజో మిలానీని 1954 చివర్లో ఆ కొండమీదికి పంపేశారు. ఆయన చర్చి గదుల్లోనే బడి పెట్టారు. వచ్చినవాళ్లు పశువులు కాసుకునే పిల్లలు, రైతు కుటుంబాల పిల్లలు, ప్రభుత్వ బడి పరీక్ష తప్పించి ఇంటికి పంపినవాళ్లు. పొద్దున మొదలైన బడి సాయంత్రం దాకా సాగేది. ఏడాదిలో ఒక్క రోజు కూడా సెలవు లేదు. పెద్దపిల్లలు చిన్నవాళ్లకు చెప్పేవారు. రోజూ వార్తాపత్రిక చదివి, అందులోని ప్రతి కష్టమైన మాటనూ విడమరచి మాట్లాడుకునేవారు. బల్లలు, అరలు, పటాలు పిల్లలే చేసుకున్నారు.

మాట మీద పట్టు లేకపోవడమే పేదవాడిని పేదవాడిగా ఉంచుతోందని మిలానీ గట్టిగా నమ్మారు. అందుకే కలిసి రాయడాన్ని ఒక చేతివృత్తిలా నేర్పారు. ఆ పద్ధతిని పిల్లలు తమ పుస్తకంలోనే వివరించారు. ప్రతి ఒక్కరి జేబులో ఒక చిన్న నోటుపుస్తకం. ఏ ఆలోచన వచ్చినా ఒక విడి కాగితం మీద, కాగితానికి ఒక్క వైపే రాసుకోవాలి. ఒక రోజు కాగితాలన్నీ పెద్ద బల్ల మీద పరుస్తారు. ఒకే విషయం రెండుసార్లు వచ్చినవి తీసేస్తారు. ఒకదానికొకటి చెందినవి కుప్పలుగా పెడతారు, అవి అధ్యాయాలు. ఒక్కో కుప్పను మళ్లీ చిన్న కుప్పలుగా విడదీస్తారు, అవి పేరాలు. ఒక్కో పేరాకు ఒక పేరు పెట్టి చూస్తారు. పేరు కుదరకపోతే అందులో అసలు విషయం లేదన్నమాట, లేదా మరీ ఎక్కువ ఇరికించారన్నమాట. అప్పుడు వరస కుదిరిస్తారు, జిగురుతో అంటిస్తారు. ఆపైన అసలు పని మొదలవుతుంది. అక్కర్లేని ప్రతి మాటా కొట్టేయడం, పొడుగు వాక్యాలు విరగ్గొట్టడం, ఒక వాక్యంలో రెండు సంగతులు లేకుండా చూడడం. చివరగా పెద్దగా చదువుకోని బయటివాళ్లను పిలిచి చదివి వినిపిస్తారు. వాళ్లకు అర్థం కాని చోటల్లా మళ్లీ రాస్తారు.

అలా ఎనిమిదిమంది కుర్రాళ్లు కలిసి రాసిన ‘లెత్తెరా ఆ ఉనా ప్రొఫెస్సొరెస్సా’, అంటే ఒక ఉపాధ్యాయురాలికి లేఖ, 1967 మేలో వెలువడింది. పేద రైతుల పిల్లలను ఇటలీ బడులు ఏ లెక్కన తప్పిస్తున్నాయో, ధనికుల పిల్లలు ఎలా గట్టెక్కుతున్నారో వాళ్లు పట్టికలు వేసి మరీ చూపించారు. బడి తప్పించిన పిల్లలు చేసిన ఆ గణాంకాల పనికి ఇటలీ భౌతికశాస్త్ర సంఘం బహుమతి ఇచ్చింది. పుస్తకం వచ్చిన కొద్ది వారాలకే, 1967 జూన్ 26న మిలానీ 44 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ పుస్తకం అనేక భాషల్లోకి వెళ్లి ఉపాధ్యాయ శిక్షణలో నేటికీ చర్చకు వస్తూనే ఉంది. రాయడం పుట్టుకతో వచ్చే వరమనే అపోహను ఇంత సూటిగా తోసిపుచ్చిన పుస్తకం మరొకటి లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఒక జేబు నోటుపుస్తకం, ఒక బల్ల, కత్తెర, జిగురు ఉన్న ఏ హాస్టల్లోనైనా ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు.

అమెరికా

జార్జియా రాష్ట్రపు కొండప్రాంతంలోని రేబన్ గ్యాప్‌లో 1966లో ఒక ఇంగ్లీషు తరగతి పాఠం వినడం మానేసింది. అప్పుడు ఉపాధ్యాయుడు ఎలియట్ విగింటన్ పిల్లలను తాతల దగ్గరికి, అమ్మమ్మల దగ్గరికి పంపారు. దుంగల ఇల్లు కట్టడం, సబ్బు కాచడం, మందుమొక్కలు, దయ్యం కథలు అన్నీ అడిగి రాసుకొచ్చి ‘ఫాక్స్‌ఫైర్’ అనే పత్రిక పెట్టారు. తొలి సంచిక 1967లో వచ్చింది, 1972లో పుస్తకంగా వచ్చి లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. అయితే ఒక బాలుడిపై లైంగిక నేరాన్ని ఒప్పుకుని 1992లో విగింటన్ శిక్ష పొందారు. పని ఇతరుల చేతుల్లో కొనసాగుతోంది. పిల్లలతో ఇంత దగ్గరగా, బడివేళలు దాటి నడిచే ఏ ప్రాజెక్టుకైనా పిల్లల రక్షణ నియమాలు మొదటిరోజే ఉండాలని ఈ ఉదంతం గట్టిగా చెబుతుంది.

2002లో శాన్ ఫ్రాన్సిస్కో మిషన్ ప్రాంతంలో రచయిత డేవ్ ఎగర్స్, ఉపాధ్యాయురాలు నీనివే కలెగారీ ‘826 వాలెన్సియా’ అనే రచనా కేంద్రం ప్రారంభించారు. ఆ భవనంలో దుకాణమే ఉండాలని నగర నిబంధన ఉండడంతో ముందు గదిలో సముద్రపు దొంగల సామాను కొట్టు పెట్టి, వెనక గదిలో వలస కుటుంబాల పిల్లలకు హోంవర్కులోనూ రచనలోనూ సాయం చేశారు. పిల్లలు రాసినవి చక్కటి పుస్తకాలుగా వస్తాయి. ఇదే స్ఫూర్తితో డబ్లిన్‌లో 2009లోనూ లండన్‌లో 2010లోనూ కేంద్రాలు వెలిశాయి.

భారతదేశం

మన దేశంలో ఈ ఆలోచన పాతదే. గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిర్ నడుపుతూ కథనూ నాటకాన్నీ చదువుకు ముఖద్వారం చేశారు. ఆయన ‘దివాస్వప్న’ తెలుగులో ‘పగటికల’గా ఉపాధ్యాయుల చేతుల్లో తిరుగుతూనే ఉంది. గాంధీజీ 1937లో వార్ధాలో ప్రతిపాదించిన నయీ తాలీం చేతిపనిని చదువు మధ్యలో పెట్టింది.

రిషివ్యాలీ బడిలో పనిచేసిన డేవిడ్ హార్స్‌బరో 1972లో కోలారు జిల్లా రాయల్పాడు దగ్గర, తెలుగు మాట వినిపించే సరిహద్దు పల్లెల్లో, నీల్‌బాగ్ బడి పెట్టారు. పరీక్ష లేదు, శిక్ష లేదు, వయసును బట్టి తరగతులు లేవు. వడ్రంగం, కుండలు, కుట్టుపని, పాట, తోటపని చదువుతో సమానంగా నడిచేవి. 1984లో ఆయన పోయాక బడి ఎక్కువ కాలం నిలవలేదు. అక్కడ తయారైన ఉపాధ్యాయులు మాత్రం వేరేచోట్ల బడులు నడిపారు.

అదే ప్రాంతంలో, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో, పద్మనాభరావు, రమ దంపతులు 1980ల్లో మొదలుపెట్టిన పని దేశమంతటా పాకింది. ఒకే గదిలో ఒకే ఉపాధ్యాయుడు అయిదు తరగతులు చెప్పే ఊరి బడికి వాచకం పనికిరాదని గ్రహించి, వాచకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడదీశారు. కార్డు మీద ఒక బొమ్మ గుర్తు, గోడ మీద వాటి వరసను చూపే నిచ్చెన. పిల్లలు తాము ఎక్కడున్నారో తామే చూసుకుని తర్వాతి కార్డు తీసుకుంటారు. కార్డుల్లో ఊరి కథలు, పాటలు, పొడుపుకథలు. తల్లులు బడికొచ్చి కథలు చెప్పారు, తోలుబొమ్మలు ఆడాయి. మెట్రిక్ మేళాలో పిల్లలే దుకాణాలు పెట్టి ఊరివాళ్లకు తూచి, కొలిచి అమ్మారు. 2003లో చెన్నై నగరపాలక సంస్థ బడులు ఈ పద్ధతి తీసుకున్నాయి, కొద్ది ఏళ్లలోనే తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ వెళ్లింది. పుట్టిన గడ్డ మీద కంటే పొరుగు రాష్ట్రంలో దానికి ఎక్కువ ఆదరణ దొరికిందని చెప్పక తప్పదు.

ఢిల్లీలో అంకుర్ సంస్థ, సరాయ్ పరిశోధన కేంద్రం కలిసి 2001లో లోక్‌నాయక్ జయప్రకాశ్ ఆసుపత్రి పక్కనున్న బస్తీలో ‘సైబర్ మొహల్లా’ ప్రారంభించాయి. బడి మానేసిన యువతీయువకులు కంప్యూటర్ల దగ్గర కూర్చుని రోజూ తమ గల్లీ గురించి రాసేవారు, ఒకరిది ఒకరికి చదివి వినిపించేవారు. వారిలో కొందరి బస్తీ నంగ్లా మాంచీని 2006లో కూల్చేశారు. తమ ఇళ్లు నేలమట్టమవుతుండగా కూడా వాళ్లు రాయడం ఆపలేదు. 2007లో ‘బహురూపియా శహర్’ అనే హిందీ పుస్తకంగా వచ్చిన ఆ రచనలు 2010లో ఇంగ్లీషులోకి వెళ్లాయి.

ఢిల్లీ వీధుల్లో బతికే, పనిచేసే పిల్లలు 2003 నుంచి ‘బాలక్‌నామా’ అనే పత్రిక నడుపుతున్నారు. చేత్నా సంస్థ వెనకుండి సాయపడుతుంది. ఈ పత్రికలో ఒక గొప్ప ఏర్పాటు ఉంది. రాయడం రాని పిల్లలు కూడా విలేకరులే, వారిని ‘బాతూనీ రిపోర్టర్లు’ అంటారు. స్టేషన్ దగ్గరో ఫ్లైఓవర్ కిందో జరిగింది వాళ్లు నోటితో చెబుతారు, రాయడం వచ్చిన పిల్లలు రాసుకుంటారు. అక్షరం రాలేదు కాబట్టి నీకు వార్త లేదు అని ఎవరినీ తోసేయలేదు. తాను చెప్పింది తన పేరుతో అచ్చులో కనబడ్డాక దాన్ని చదవాలనే కోరిక పుట్టడానికి ఎవరి ఉపదేశమూ అక్కర్లేదు.

తెలుగు నేల

న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో బాలానంద సంఘం స్థాపించి, రేడియోలోనూ 1945లో మొదలైన ‘బాల’ పత్రికలోనూ పిల్లల గొంతుకు చోటిచ్చారు. ఆ గొంతు అప్పట్లో ఎక్కువగా పట్నపు మధ్యతరగతిది.

పల్లె పిల్లల పత్రిక అంటే ముందు చెప్పుకోవలసింది ‘కొత్తపల్లి’. అనంతపురం కరువు ప్రాంతంలో 1990 నుంచి పనిచేస్తున్న టింబక్టు కలెక్టివ్ వారి చెన్నేకొత్తపల్లి ప్రకృతిబడి నుంచి 2008లో ఈ మాసపత్రిక మొదలైంది. పిల్లలు విన్న కథలు, అల్లిన కథలు, వాళ్లు గీసిన బొమ్మలే దాని సొత్తు. కథల్లో రాయలసీమ నుడికారం వినిపిస్తుంది. ఇంటి మాటకు ఎర్రసిరా పెట్టే బడికీ, ఆ మాటనే అచ్చువేసే పత్రికకూ మధ్య పేద పిల్లల చదువు భవిష్యత్తు చాలావరకు తేలిపోతుంది.

ఆదివాసీ పిల్లల విషయంలో ఇది ఇంకా నిజం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004-05 ప్రాంతంలో సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా భాషల్లో మాతృభాషా విద్య మొదలైంది. తెలుగు లిపి ఆధారంగా, ఆ తెగల కథలతో, పాటలతో వాచకాలు తయారయ్యాయి. ఉపాధ్యాయుల నియామకం, పుస్తకాల పంపిణీ వంటి మామూలు చిక్కుల్లో ఆ పని తగినంత ఎదగలేదు. అది ఆగవలసిన పని కాదు.

వయోజనుల్లో సృజన ఎంత పని చేయగలదో నెల్లూరు చూపించింది. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం కళాజాతాల పాటలతో, వీధినాటకాలతో ఊరూరా తిరిగింది. సీతమ్మ కథ అనే పాఠం చదివి, చర్చించుకున్న దూబగుంట మహిళలు సారా దుకాణం మూయించారు. ఆ కదలిక ఉద్యమమై 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధానికి దారితీసింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో చదువురాని దళిత మహిళలు కెమెరా పట్టి చిత్రాలు తీశారు, 2008 నుంచి మాచనూరులో సంఘం రేడియో నడుపుతున్నారు. చేతిలో పనిముట్టు ఉంటే అక్షరం లోటు మాటకు అడ్డు కాదని వాళ్లు నిరూపించారు.

పరిమితులు

సృజన ఒక్కటే చదవడం నేర్పదు. అక్షరానికీ శబ్దానికీ ఉన్న సంబంధం పిల్లలకు వరసగా, మళ్లీ మళ్లీ, ఓపికగా నేర్పాలి. బొమ్మలూ ఆటలూ ఉన్నాయని గుణింతం వదిలేస్తే నష్టపోయేది ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లలే. రిషివ్యాలీ నిచ్చెనలో సాధన కార్డులకు, పరీక్ష కార్డులకు అంత చోటుండడం ఊరికే కాదు.

రెండో ప్రమాదం పని మార్కుగా మారిపోవడం. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక మన బడుల్లో ప్రాజెక్టు పనులు తప్పనిసరి అయ్యాయి. చాలాచోట్ల అవి గైడు చూసి రాసిన రికార్డులుగా, స్టేషనరీ కొట్లో కొన్న బొమ్మల చార్టులుగా మిగిలాయి. డబ్బున్న ఇంటి పిల్లల చార్టు మెరుస్తుంది, కూలివాళ్ల పిల్లలకు ఆ చార్టే మరో ఖర్చు. మంచి ఉద్దేశంతో వచ్చిన సంస్కరణ పాఠకుడు లేక ఎండిపోయింది.

మూడోది కాలం. నిధులు ఆగితే, ఉపాధ్యాయుడు బదిలీ అయితే పత్రిక ఆగిపోతుంది. నీల్‌బాగ్ కథ కూడా అలాంటిదే, నడిపే మనిషి పోయాక బడి నిలవలేదు. ఎక్కువ కాలం నిలిచినవన్నీ ఒక మనిషి నుంచి సంస్థకు, సంస్థ నుంచి పిల్లలకే చేరినవి.

ఈ వ్యాసం చదివే ఉపాధ్యాయులకు, హాస్టల్ వార్డెన్లకు, గ్రంథాలయాధికారులకు ఒక మనవి. వారానికి ఒక గంట కేటాయించండి. పిల్లలు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాయించండి, రాయలేనివాళ్లది పక్కవాళ్ల చేత రాయించండి. కలిసి దిద్దించి, నాలుగు ప్రతులు జిరాక్సు తీసి, ఒకటి రచ్చబండ దగ్గర, ఒకటి పంచాయతీ కార్యాలయంలో, ఒకటి గ్రంథాలయంలో పెట్టండి, ఒకటి పక్క ఊరి బడికి పంపండి. పక్క ఊరి బడి నుంచి జవాబు తెప్పించే బాధ్యత కూడా మీదే.